వెగటు పట్టీ

రోత అంటే ఏమిటో పేరంటాలుకి యాభై ఏళ్ళు దాటేదాకా తెలియదు.

కాకినాడ జగన్నాథపురంలో పసిపిల్లలకి నీళ్ళు పొయ్యాలంటే ఆవిడకే కబురు వెళ్ళేది. పీట మీద కూచుని, కాళ్ళు రెండూ చాపి, వాటి మీద బిడ్డని బోర్లా పడుకోబెట్టి, ఒళ్ళంతా నూనె పట్టించి, సున్నిపిండితో రుద్ది, గోరువెచ్చటి నీళ్ళు వీపు మీద ధారగా పోసేది. బిడ్డ కాళ్ళ మీదే ఉచ్చ పోస్తే పన్నీరు చల్లిందని నవ్వేది. మెడ ముడతల్లో పేరుకుని పులిసిపోయిన పాలజిడ్డుని వేలితో తీసేది. చీమిడి తన పైటచెంగుతోనే తుడిచేది. కన్నతల్లే ముక్కు మూసుకుంటే, "నీ బిడ్డే కదమ్మా, రోతేంటి?" అని కసిరేది.

అలాంటి మనిషికి రెండు కిడ్నీలూ పోయాయి. రోజు విడిచి రోజు ఆస్పత్రికి వెళ్ళి డయాలసిస్ మిషను పక్కన పడుకోవాల్సి వచ్చింది. సూదులు ఆవిడకి పెద్ద లెక్క కాదు. దాహమే తట్టుకోలేకపోయింది. మూత్రం ఆగిపోయిన ఒంట్లోకి వెళ్ళిన నీళ్ళు మళ్ళీ మిషను లాగేదాకా ఒంట్లోనే ఉంటాయి. కాళ్ళు ఉబ్బుతాయి, మొహం ఉబ్బుతుంది, ఆఖరికి ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. అందుకని గుక్క గుక్కకీ లెక్క చూసుకోమన్నారు. నాలుక అట్టముక్కలా అయిపోయి అంగిలికి అతుక్కుపోతుంటే లెక్క ఎవరికి గుర్తుంటుంది?

ఆవిడ మొగుడు అబ్బులు చేపలరేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పని చేసేవాడు. పొద్దున్నే చిన్న గ్లాసుతో రోజుకి సరిపడా నీళ్ళు కొలిచి సీసాలో పోసి వెళ్ళేవాడు. అతను వీధి మలుపు తిరిగేలోపు ఆ సీసా ఖాళీ అయ్యేది. తర్వాత దొంగతనం. మొహం కడుక్కుంటానని దొడ్లోకి వెళ్ళి కుళాయి కింద నోరు పెట్టేది. ఒకనాడు ఎవరింట్లోనో బిడ్డకి నీళ్ళు పోశాక బకెట్లో అడుగున మిగిలిన నీళ్ళు, పైన సున్నిపిండి తేలుతుండగానే, చెంబుతో ముంచుకుని తాగేసింది. ఆ ఇంటావిడ చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. తర్వాత ఇక పిలవలేదు.

ఆ వేసవిలో పేరంటాలు రెండుసార్లు చావు అంచు దాకా వెళ్ళింది. రెండోసారి నోటివెంట ఎర్రనురగ వచ్చింది. నీళ్ళలో మునిగినవాళ్ళకి ఎలా ఉంటుందో ఆవిడకి మంచం మీద పడుకునుండగా తెలిసింది.

"మూడోసారి ఇక్కడిదాకా తీసుకురాలేవయ్యా," అన్నాడు డాక్టరు అబ్బులుతో.

*

వైజయంతి ఆ ఆస్పత్రి వెనక మేడ మీద ప్రయోగశాలలో పని చేసేది. ఇంజినీరు. హైదరాబాదు కంపెనీ ఒకటి ఆ ప్రయోగశాల పెట్టించి, ఆవిడకి అప్పగించింది. డయాలసిస్ రోగుల ఒంట్లో నీరు ఎప్పటికప్పుడు ఎంతుందో చెప్పే పట్టీ ఒకటి తయారుచేసింది. దాన్ని పిక్కకి కట్టుకుంటే చాలు. మనిషికి తెలియనంత చిన్న కరెంటు చర్మంలోంచి పంపి, అది ఎంత సులువుగా పాకుతోందో చూసి లోపలి తడి లెక్క కడుతుంది. హద్దులో ఉంటే పచ్చ దీపం, దాటితే ఎర్ర దీపం. కంపెనీ దానికి 'సంయమ' అని పేరు పెట్టింది.

వైజయంతి తన పిక్కకి పట్టీ కడుతుంటే పేరంటాలు ఆవిడ మొహంలోకి చూసి, "మీ బాబుకి నీళ్ళు పోసింది నేనే కదండీ అమ్మాయిగారూ? ఎడం చెవి వెనకాల పుట్టుమచ్చ," అంది.

వైజయంతి నవ్వింది. "అవును. వాడిప్పుడు బడికెళ్తున్నాడు."

పట్టీ బాగానే పని చేసింది. పేరంటాలే పని చెయ్యలేదు. వారం పొడుగునా ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. వైజయంతి గట్టిగా అడిగితే ఆవిడ కోప్పడకుండానే జవాబు చెప్పింది.

"దీపం చూస్తే దాహం తీరుతుందా అండీ? నిండిపోయానని నాకు తెలీదా? కాళ్ళు చూసుకుంటున్నాను కదా."

మిగతా రోగులదీ అదే వరస. హైదరాబాదు నుంచి కంపెనీ పెద్ద శ్రీకర్ ఫోన్ చేసి, "హెచ్చరిక ఎవడికి కావాలి వైజయంతీ? చేతిలో గ్లాసు దించేది కావాలి," అన్నాడు.

ఆ మాట పట్టుకుని వైజయంతి రెండో భాగం తయారుచేసింది. చెవి వెనక అతికించే చిన్న బిళ్ళ. పట్టీలో ఎర్ర దీపం వెలిగి ఉండగా మనిషి గుటక వేస్తే, కడుపుకీ మెదడుకీ మధ్య వార్తలు మోసే నరాన్ని ఆ బిళ్ళ తడుతుంది. ప్రాణానికి ఏమీ కాదు. కడుపులో తిప్పుతుంది, అంతే. ఆవిడ తన మీద కూడా పెట్టి చూసుకుంది, బాగా తగ్గించి, ఒక్క గుక్కకి. కొంచెం వికారంగా ఉంది, బస్సు ప్రయాణంలోలాగా. భరించొచ్చు అనుకుంది.

ఏం చేస్తుందో విడమరచి చెప్పాక పేరంటాలు అడిగింది. "కుళ్ళిన చేప తిన్నట్టు ఉంటుందా?"

"అంత ఉండదు."

"ఉన్నా పర్లేదు పెట్టండి. మా అమ్మాయి తాయారుకి నెలలు నిండుతున్నాయి. దాని పురిటికి నేనుండాలి."

బిళ్ళ అతికించి, గ్లాసుడు నీళ్ళు చేతికిచ్చారు. పేరంటాలు ఆత్రంగా నోట్లో పోసుకుంది. మొదటి గుటక దిగుతూనే ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. సాయంత్రం సంత ఎత్తేశాక చేపల తొట్టెలో అడుగున మిగిలే నల్లటి నీళ్ళు, పేగులూ పొలుసులూ నానిన నీళ్ళు, నోట్లో ఉన్నట్టనిపించింది. ఒళ్ళంతా ఒక్కసారి ముడుచుకుపోయి డోకొచ్చింది. బేసిన్ మీద వంగిపోయింది. ముక్కులోంచీ, నోట్లోంచీ కారుతున్నది తీగలు తీగలుగా వేలాడింది.

వైజయంతి తెర మీద గీతలు చూస్తోంది. గీత సరిగ్గా అనుకున్న చోటే లేచింది.

రెండో గ్లాసు తెచ్చారు. పేరంటాలు దాన్ని దూరం నుంచి చూసే మొహం తిప్పేసుకుంది.

*

వారం తిరిగేసరికి ఎర్ర దీపం పచ్చబడింది. తర్వాత పచ్చగానే ఉంది. మిషను దగ్గర ఉండే టెక్నీషియన్ ఏసుపాదం బరువు చూసి, కాటా చెడిపోయిందేమోనని తన బరువు కూడా చూసుకున్నాడు. కాళ్ళ వాపు దిగింది. మెట్టెలు మళ్ళీ వేళ్ళకి వదులుగా తిరిగాయి. పేరంటాలు మేడమెట్లు ఆయాసం లేకుండా ఎక్కి వచ్చి వైజయంతి చేతులు పట్టుకుంది.

"మీ చేతులు చల్లగా ఉండాలి అమ్మాయిగారూ."

మిగతా రోగుల్లోనూ అలాగే ఉంది. వైజయంతి ఆ లెక్కలన్నీ పంపిస్తే శ్రీకర్ నుంచి అభినందనలు వచ్చాయి. బిళ్ళ ఇప్పుడు దాదాపుగా పని చెయ్యాల్సిన అవసరమే రావడం లేదు. ఒంట్లో నీరు హద్దు దాటితేనే కదా అది తట్టేది. రోగులు మారారని వైజయంతి సంతోషపడింది.

ఇంట్లో సంగతి వేరే ఉంది.

ముందు మజ్జిగ పడలేదు. ఆ తర్వాత చారు. ఆ తర్వాత అన్నం మెత్తగా ఉడికితే చాలు, పళ్ళెం తోసేసేది. అటుకులూ, మరమరాలూ, మాడిన రొట్టెముక్కలూ తినేది. స్నానం మానేసి పొడి శనగపిండితో ఒళ్ళు రుద్దుకునేది. వాన పడితే తలుపులన్నీ మూసేసి, మట్టివాసన లోపలికి రాకుండా గుమ్మం కింద గోనెసంచి తొక్కేది. అబ్బులు ఐసు ఫ్యాక్టరీలో పొద్దంతా తడిలో నాని వస్తాడు. అరికాళ్ళు తెల్లగా ఉబ్బి ముడతలు పడి ఉంటాయి. ముప్ఫై ఏళ్ళుగా ఆ కాళ్ళు వొత్తిన మనిషి ఇప్పుడు అతను గుమ్మం దాటగానే పైట ముక్కుకి అడ్డం పెట్టుకునేది. అతను అన్నం కలుపుకుంటుంటే ఆ చప్పుడు వినలేక లేచి పోయేది.

"నా వల్ల ఏమైనా తప్పయిందేంటే?" అని అడిగాడు అబ్బులు ఒకరోజు.

"నీ తప్పేం లేదయ్యా. నువ్వు తడిగా ఉన్నావు," అంది పేరంటాలు. అని ఏడ్చింది. కన్నీళ్ళు పెదాల మీదకి జారేసరికి డోకొచ్చింది.

అన్నిటికన్నా ఘోరం ఆవిడ ఉమ్మే. అది నోట్లోనే ఊరుతుంది, ఎక్కడికీ పారిపోలేదు. మింగాలంటే కడుపు తిరగబడుతుంది. కొబ్బరిచిప్ప ఒకటి పక్కన పెట్టుకుని రోజంతా అందులో ఊసేది. దాన్ని పారబోసేటప్పుడు కళ్ళు మూసుకునేది. పెదాలు పగిలాయి, నాలుక పగిలింది. అంత రోత నిండిన ఆ నోటికి దాహం మాత్రం ఎప్పటిలాగే ఉంది. కాస్త కూడా తగ్గలేదు.

తాయారుకి ఆడపిల్ల పుట్టింది. పురిటిస్నానం అయ్యాక, పిల్లకి నీళ్ళు పొయ్యమని తల్లి కాళ్ళ మీద పడుకోబెట్టింది తాయారు. ఊళ్ళో పిల్లలందరికీ పోసిన చెయ్యి. సొంత మనవరాలు.

పేరంటాలు పళ్ళు బిగించి కూచుంది. నీళ్ళ కాగులోంచి ఆవిరి మొహానికి కొట్టింది. ఊపిరి బిగబట్టి నూనె రాసింది. పిల్ల నోరు తెరిచి ఏడ్చింది. చిగుళ్ళ మీద మెరుస్తున్న తడి, గడ్డం కింద తెల్లగా విరిగిన పాలు. పేరంటాలు కళ్ళు మూసుకుంది. అప్పుడే పిల్ల ఉచ్చ పోసింది. తొడ మీద వెచ్చగా పాకుతున్న ఆ ధార తగలగానే పేరంటాలు అరిచి, కాళ్ళు రెండూ విదిలించింది.

పిల్ల సిమెంటు గచ్చు మీదకి జారింది. తాయారు వంగి అందుకోబట్టి తల తగల్లేదు. చెయ్యి కొట్టుకుపోయింది. పేరంటాలు గోడ వారకి పాకి, పొట్ట పట్టుకుని డోకుతోంది. లోపల ఏమీ లేక పసరు వస్తోంది.

తాయారు పిల్లని గుండెకి అదుముకుని తల్లివంక చూసింది. "నా పిల్లంటే నీకు రోతా అమ్మా?"

పేరంటాలు కాదని చెప్పలేకపోయింది. నోరు తెరిస్తే మళ్ళీ వాంతి. మధ్యాహ్నం బండికి తాయారు అత్తారింటికి వెళ్ళిపోయింది, పచ్చి బాలింత.

*

మర్నాడు పేరంటాలు ప్రయోగశాలకి వచ్చి కుర్చీలో కూచుంది. కొబ్బరిచిప్ప ఒళ్ళో పెట్టుకుంది. జరిగిందంతా చెప్పింది. ఆఖర్న అంది.

"నీళ్ళంటే రోత పెట్టారు. సరే, పెట్టించుకున్నది నేనే. మరి దాహాన్ని ఎందుకొదిలేశారండీ? రెండూ నా ఒంట్లోనే ఉంటే నేనెక్కడుండాలి?"

వైజయంతి లేచి ఆవిడ చెవి వెనక బిళ్ళ ఊడదీసింది. పిక్కకున్న పట్టీ కూడా విప్పేసింది. అన్నీ ఆపేసి, ఉగ్గుగిన్నెడు నీళ్ళు తెచ్చి ముందు పెట్టింది. పేరంటాలు గిన్నె వైపు చెయ్యి చాపి, వెనక్కి లాక్కుంది. వీపు వంగింది. గొంతులో నరాలు తాళ్ళలా లేచాయి. ఏ పరికరమూ లేకుండా అదే డోకు.

వైజయంతికి అప్పుడు తెలిసింది. పాడైన కూర ఒక్కసారి తిని వాంతులైతే, ఆ కూర వాసన ఏళ్ళ తరబడి పడదు. మెదడుకి అది చాలా పాత పాఠం, ఒక్కసారి చెబితే చాలు. తన బిళ్ళ ఆ పాఠాన్ని నీళ్ళకి చెప్పింది. మెదడు అక్కడితో ఆగకుండా తడి అంటేనే విషమని తేల్చుకుంది. నేర్పడానికి మీట ఉంది. మరిపించడానికి లేదు.

మిగతా రోగులకి ఫోన్లు చేసింది. ఒక లెక్కల మేష్టారు, భార్య తల దువ్వుకుని నూనె రాసుకుంటే గదిలోంచి వెళ్ళిపోతున్నాడు. ఒక కుర్రావిడ మొగుణ్ణి దగ్గరికి రానివ్వడం లేదు. ఎవరూ చెప్పలేదేం అని అడిగితే, మేష్టారు, "మీరు ఒంట్లో నీటి సంగతే అడిగారు కదమ్మా," అన్నాడు.

శ్రీకర్‌కి అంతా వివరంగా చెప్పింది. అతని గొంతులో హుషారు వచ్చింది.

"అంటే పట్టీ తీసేసినా పని చేస్తూనే ఉందన్నమాట! నీకర్థమవుతోందా? నెల రోజులు పెడితే జన్మంతా సరిపోతుంది. నీళ్ళకే ఎందుకు ఆగాలి? సారా, సిగరెట్టు, పిల్లల మిఠాయిలు, ఏదైనా మానిపించొచ్చు."

"శ్రీకర్, ఆవిడ మనవరాల్ని కింద పడేసింది."

"ఆవిడ బతికుంది. ముందు బతకాలి కదా. మరిపించే మందు కూడా కనిపెడదాం, దానికి వేరే జట్టు ఇస్తాను. ఈ ప్రదర్శన ఒక్కటి కానియ్యి."

వైజయంతి ఆ ఆశకి లొంగింది. పేరంటాలుకి కూడా అదే చెప్పి ఒప్పించింది. ఒకసారి వచ్చి కూచుంటే చాలు, తర్వాత బాగుచేసే పని మొదలవుతుందని.

*

విశాఖపట్నంలో సముద్రం ఎదురుగా పెద్ద హోటలు. పైఅంతస్తు హాల్లో చల్లగా ఉంది. కంపెనీ కొనిచ్చిన పట్టుచీరలో పేరంటాలుని వేదిక మీద కుర్చీలో కూచోబెట్టారు. ఎదురుగా పెట్టుబడి పెట్టేవాళ్ళు, వాళ్ళ చేతుల్లో పళ్ళరసాలు. ఒకాయన అనాసముక్క కొరికితే రసం గడ్డం మీదకి కారింది. ఆయన దాన్ని నాలుకతో అందుకున్నాడు. పేరంటాలు చూపు పైకప్పు మీదకి మళ్ళించింది.

శ్రీకర్ మాట్లాడాడు. ఈవిడ ఒకప్పుడు పిల్లలు స్నానం చేసిన నీళ్ళు తాగిన మనిషని చెప్పాడు. హాల్లో "అబ్బా" అన్నారు. ఆవిడ పిక్క, చెవి ఖాళీగా ఉన్నాయని చూపించాడు. చల్లటి నీళ్ళ గ్లాసు తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. పైన పెద్ద తెర మీద ఆవిడ గొంతు మాత్రమే కనిపించేలా కెమెరా దగ్గరికి జరిగింది.

గొంతు ఎగిరిపడింది. పేరంటాలు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయింది.

చప్పట్లు.

"వెనక వాళ్ళకి సరిగా కనపళ్ళేదండీ," అని ఎవరో అన్నారు. "ఇంకోసారి చూపిస్తారా?"

"తప్పకుండా." శ్రీకర్ గ్లాసు ఇంకాస్త ముందుకి జరిపాడు. "పేరంటాలుగారూ, ఈసారి ఆ రుమాలు అడ్డం లేకుండా."

మళ్ళీ డోకొచ్చింది. ఈసారి చొంగ చీర మీద పడింది. ముందువరసలో ఒకావిడ, "మావాడు ఐస్‌క్రీము మానడండీ, ఎనిమిదేళ్ళు. పిల్లలకి కూడా వస్తుందా ఇది?" అని అడిగింది. నవ్వులు. అనాసపండాయన వేళ్ళు నాక్కుంటూ నవ్వాడు.

పేరంటాలు తల ఎత్తి వాళ్ళందరినీ చూసింది. తడి పెదాలు, తడి పళ్ళు, గ్లాసుల అంచుల మీద తడి మరకలు. కడుపులో తిప్పింది. కానీ ఈసారి తిప్పుతున్నది ఆ తడికి కాదని ఆవిడకి తెలుస్తోంది. పసిపిల్లల చీమిడీ, చీమూ చేతులతో ఎత్తినప్పుడు ఎన్నడూ కలగనిది, ఈ మొహాలని చూస్తే కలిగింది. దాని పక్కన పెడితే గ్లాసులో నీళ్ళు వట్టి నీళ్ళు.

గ్లాసు తీసుకుంది.

మొదటి గుక్క లోపలికి వెళ్ళి అంతే వేగంగా పైకొచ్చింది. పెదాలు బిగించి, బుగ్గలు ఉబ్బి, దాన్ని మళ్ళీ మింగింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. రెండో గుక్క. ముక్కులోంచి చిమ్మింది. తెర మీద ఆ గొంతు పెద్దగా, నిలువునా కొట్టుకుంటోంది. "కెమెరా ఆపండి," అంటున్నాడు శ్రీకర్. ఆవిడ ఆగలేదు. గ్లాసు అడుగు దాకా తాగి, బోర్లించి, పళ్ళెంలో పెట్టింది.

"మీ మొహాలు చూశాక నీళ్ళు నయంగానే ఉన్నాయండి," అంది.

వైజయంతి వేదిక ఎక్కి వచ్చింది. మైకు అందుకోలేదు. పేరంటాలు మూతి తన చున్నీతో తుడిచి, భుజం కింద చెయ్యి వేసి లేపింది. శ్రీకర్ అడ్డం వచ్చి, "వైజయంతీ, నువ్విప్పుడు దిగితే ప్రయోగశాలలో అడుగు పెట్టలేవు," అన్నాడు.

"మీరు ఇప్పటిదాకా చప్పట్లు కొట్టింది పరికరానికి కాదు," అంది వైజయంతి, ముందువరసకి వినపడేలా. "నేను చేసిన గాయానికి."

కారులో పేరంటాలు సంచీలోకి వాంతి చేసుకుంది. వైజయంతి ఆ సంచీ పట్టుకుని కూచుంది. తుని దాటాక, "నన్ను క్షమించండి," అంది.

పేరంటాలు కిటికీవైపే చూస్తూ అడిగింది. "వాళ్ళు చప్పట్లు కొట్టినప్పుడు మీరెక్కడున్నారు?"

"పక్కనే."

"మీరూ కొట్టారా?"

వైజయంతి సంచీ మూతి బిగించి పట్టుకుంది. "మొదటిసారి కొట్టాను."

పేరంటాలు ఆ సంచీ ఆవిడ చేతుల్లోంచి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

*

ప్రయోగశాలకి తాళం పడింది. పట్టీ మీద హక్కులన్నీ కంపెనీవే. అది పేరు మార్చుకుని, బిళ్ళతో సహా బజార్లోకి వచ్చింది. పట్టీ వల్ల బతికినవాళ్ళు నిజంగానే చాలామంది ఉన్నారు. బతికి ఎలా ఉన్నారని ఎవరూ అడగలేదు. వైజయంతి పత్రికలకి చెప్పింది, ప్రభుత్వానికి చెప్పింది. అందరూ శ్రద్ధగా విన్నారు, తర్వాత మర్చిపోయారు.

ఆవిడ ఊళ్ళోనే ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, పేరంటాలుకి డయాలసిస్ ఉన్న రోజుల్లో ఆస్పత్రికి వచ్చేది. పేరంటాలు మొదట్లో మాట్లాడలేదు, పొమ్మనీ అనలేదు. మిషను ఒంట్లో నీరు లాగుతున్నప్పుడు శరీరానికి హాయిగా ఉండే ఘడియ ఒకటి వస్తుంది. ఆ ఘడియలో చెమ్చాతో చల్లటి నీళ్ళు నోట్లో పొయ్యడం, అదే వైద్యం. వేరే మందు దొరకలేదు. ఏసుపాదం చెమ్చా పట్టుకునేవాడు, వైజయంతి బేసిన్ పట్టుకునేది. ఎన్నోసార్లు ఆ బేసిన్‌లోకే వచ్చేది, ఆవిడ చేతుల మీదకి కూడా. వైజయంతి చేతులు కడుక్కుని మళ్ళీ వచ్చి కూచునేది.

మరుసటి ఏడాది వానాకాలం వెళ్ళేసరికి చెమ్చా నీళ్ళు నిలిచాయి. ఉమ్మి మింగడం వచ్చింది. అబ్బులు పక్కన కూచుని అన్నం తింటే లేచిపోకుండా ఉండగలుగుతోంది. మజ్జిగ ఇప్పటికీ పడదు. తాయారు పిల్లని తీసుకొచ్చింది, ముందు గుమ్మంలోనే నిలబడి. పేరంటాలు చేతులు చాపింది. పిల్ల భుజం మీద తల పెట్టి జాకెట్టంతా చొంగ చేసింది. కడుపులో గట్టిగా తిప్పింది. పేరంటాలు మొహం నల్లబడి చెమట్లు పట్టాయి కానీ పిల్లని దించలేదు. తాయారు అది చూసి, దగ్గరికొచ్చి, పిల్ల మూతి తుడిచి, అక్కడే కూచుంది.

ఆ రోజుల్లోనే పక్క కుర్చీలోకి కొత్త రోగి వచ్చాడు. బుల్లబ్బాయి అని ఆటో నడిపే మనిషి. ముందురోజే ఊపిరితిత్తుల్లోకి నీరొచ్చి, చచ్చి బతికాడు. అతను నిద్రపోతుంటే పెళ్ళాం రత్నం పేరంటాలు దగ్గరికి వచ్చింది. చేతిలో కంపెనీ పెట్టె ఉంది.

"అక్కా, నువ్విది పెట్టుకున్నావంట కదా. మా ఆయనకి పెట్టించమంటావా? చెప్పినమాట వినడక్కా. కుళాయి కట్టేస్తే పక్కింటికి పోయి తాగొస్తున్నాడు."

పేరంటాలు ఆ పెట్టెవైపు చూసింది. పైన నవ్వుతున్న ముసలాయన బొమ్మ ఉంది.

"నీళ్ళు మానేస్తాడు," అంది. "నువ్వు కలిపి పెట్టిన అన్నం కూడా మానేస్తాడు. నువ్వు తలంటుకుని దగ్గరికొస్తే మొహం తిప్పుకుంటాడు. పిల్లలు ముద్దు పెడితే తుడుచుకుంటాడు. దాహం మాత్రం పోదు."

రత్నం మొగుడివైపు తిరిగి చూసింది. "బతికుంటాడు కదక్కా?"

అబద్ధం చెబుదామా అనుకుంది పేరంటాలు. చెప్పలేకపోయింది.

"బతికుంటాడు. దీపాల పట్టీ ఒక్కటే కట్టినా నీరెంతుందో తెలుస్తుంది. చెవి వెనకది లేకుండా. కానీ దీపం చూసి ఆగడం ఆయన వల్లే కావాలి. నా వల్ల కాలేదు."

"మరి ఇప్పుడెలా ఆగుతున్నావు?"

"ఆగుతున్నానని ఎవరన్నారు? ఒకోరోజు ఆగుతాను, ఒకోరోజు తాగేస్తాను. తాగితే వచ్చి ఏసుపాదానికి చెప్పేస్తాను, దాచను. తిడతాడు, నీరు లాగుతాడు. లాగేటప్పుడు కాళ్ళు కొంకర్లు పోతాయి, అరుస్తాను." పేరంటాలు కుర్చీలో కాస్త జరిగింది. "మీ ఆయన్ని ప్రతిసారీ ఈ కుర్చీలోనే వెయ్యమను, నా పక్కన. దాహమేసినప్పుడు తిట్టుకోడానికి మనిషుండాలి. ఇన్నాళ్ళూ నాకూ దాహం తెలిసినవాళ్ళెవరూ పక్కన లేరు."

రత్నం పెట్టెలోంచి బిళ్ళ తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది. గోరంత ఉంది. ఏమనుకుందో, దాన్ని కిటికీ అవతలికి విసిరేసింది. పట్టీని మాత్రం మొగుడి ఉబ్బిన పిక్కకి కట్టి, బిగువు సరిచూసింది. ఎర్ర దీపం వెలిగింది.

బుల్లబ్బాయి కళ్ళు తెరిచాడు. ఎండిన పెదాలు విడదీసి, గొంతు రాక, మళ్ళీ ప్రయత్నించి అన్నాడు. "కాసిని నీళ్ళు."

"నాకూ కావాలి తమ్ముడూ," అంది పేరంటాలు పక్క కుర్చీలోంచి. "రా, ఇద్దరం కలిసి తిట్టుకుందాం."